రుచి రిజిస్టరు

గిరిజన ఆశ్రమ పాఠశాలలో పిల్లలు వాంతులతో, విరేచనాలతో ఆసుపత్రి పాలైన ప్రతిసారీ ఒకే వరసలో కొన్ని పనులు జరుగుతాయి. మొదటి రోజు అధికారులు ఆసుపత్రికి వస్తారు. రెండో రోజు వార్డెన్‌నో, హెడ్మాస్టరునో సస్పెండ్ చేస్తారు, వంటమనిషిని తీసేస్తారు. మూడో రోజు విచారణ కమిటీ వేస్తారు. నాలుగో రోజు నాయకులు పిల్లలతో కలిసి భోంచేసిన ఫొటో పేపర్లో వస్తుంది. ఆ తర్వాత కమిటీ ఏం తేల్చిందో, నమూనాల్లో ఏం బయటపడిందో పిల్లల తల్లిదండ్రులకు తెలియదు. ఇంకోచోట ఇంకో బడిలో మళ్లీ మొదటి రోజు వస్తుంది.

2024 అక్టోబరు 30న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ బాలికల పాఠశాలలో పిల్లలు అస్వస్థులయ్యారు. వారిలో ఒక బాలిక దాదాపు నెల రోజులు చికిత్స పొంది, నవంబరు 25న హైదరాబాద్ నిమ్స్‌లో మరణించింది. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించి పెద్ద సంఖ్యలో బాలికలు ఆసుపత్రుల్లో చేరారు, ప్రాణాలూ పోయాయి. రెండు రాష్ట్రాలు, రెండు ప్రభుత్వాలు. పోయింది మాత్రం మన ఆదివాసీ పిల్లలే.

ఈ వ్యాసంలో మేము ఒక వార్డెన్ మీదో ఒక వంటమనిషి మీదో తీర్పు చెప్పడం లేదు. మా ప్రశ్న వేరు. బడిలో తిండిని చూసే కళ్లు ఇన్ని ఉన్నాయి కదా, అవి దేన్ని చూస్తున్నాయి? ఎవరి తరఫున చూస్తున్నాయి?

చట్టాలు లేవని ఎవరూ అనలేరు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రతి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కుగా మార్చింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, 6 నుంచి 8 తరగతుల వారికి 700 క్యాలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అని లెక్క రాసింది. మధ్యాహ్న భోజన పథకం మార్గదర్శకాల ప్రకారం పిల్లలకు వడ్డించే ముందు కనీసం ఒక టీచరుతో కలిపి ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి. పిల్లలకు వడ్డించే ముందు కనీసం ఒక టీచరుతో కలిపి ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి. పాఠశాల యాజమాన్య కమిటీ నాణ్యతను, శుభ్రతను చూడాలి. యాదృచ్ఛికంగా ఎంచిన బడుల నుంచి నెలకొకసారైనా నమూనాలు తీసి గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి. వరసగా మూడు బడి రోజులు గానీ, నెలలో ఐదు రోజులు గానీ భోజనం పెట్టకపోతే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలి. వీటికి తోడు 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ఉంది. ఆ చట్టం కింద జిల్లాకు ఆహార భద్రతా అధికారులున్నారు. తిండి అమ్మేవారు, వండి పెట్టేవారు రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ తీసుకోవాలి.

కాగితం మీద ఇది మంచి కంచె. కానీ కంచెకు రెండు వైపులా మన పిల్లలు లేరు. మధ్యాహ్న భోజన నియమాలు పల్లె బడికి వర్తిస్తాయి. మూడు పూటలూ అక్కడే తిని అక్కడే పడుకునే ఆశ్రమ పాఠశాల, గురుకులం మాత్రం గిరిజన సంక్షేమ శాఖ మెనూ మీద, డైట్ చార్జీల జీవోల మీద నడుస్తాయి. పగలు ఒక్కపూట తిని సాయంత్రం ఇంటికి వెళ్లే పిల్లకు పార్లమెంటు క్యాలరీ లెక్క రాసిచ్చింది. పది నెలలు అమ్మానాన్నకు దూరంగా ఉండి, తిండి బాగాలేదని ఇంట్లో చెప్పుకునే వీలు కూడా లేని పిల్లకు జీవో రాసిచ్చింది. ఎవరికి ఎక్కువ రక్షణ కావాలో వారికే తక్కువ ఉంది. మొదటి లోపం ఇక్కడ ఉంది.

ఇప్పుడు పర్యవేక్షణ గొలుసు చూడండి. ఆశ్రమ పాఠశాల బియ్యం పౌర సరఫరాల గోదాం నుంచి వస్తుంది. పప్పు, నూనె, చింతపండు వంటి సరుకులు చాలాచోట్ల గిరిజన సహకార సంస్థ నుంచి వస్తాయి. కూరగాయలు, గుడ్లు, పాలు, మాంసం కాంట్రాక్టరు తెస్తాడు. వార్డెన్ సరుకు దింపుకుంటాడు. ఏటీడబ్ల్యూఓ తనిఖీకి వస్తాడు. ఆయన మీద జిల్లా అధికారి, ఆయన మీద ఐటీడీఏ పీఓ. ఆరోగ్యం ఏఎన్ఎం చూడాలి. నీళ్లు ఇంకో శాఖ. వంటగది కట్టడం ఇంజనీరింగ్ విభాగం. ఆహార భద్రతా అధికారి వేరే శాఖ మనిషి, జిల్లా కేంద్రంలో ఉంటాడు, హోటళ్లు, మిఠాయి దుకాణాలు, నూనె మిల్లులు అన్నీ ఆయన కిందే. పల్లె బడి అయితే ఎంఈఓ, వంట ఏజెన్సీ, మహిళా సంఘం, కమిటీ. ఇంతమంది చూస్తున్నప్పుడు ముక్కిపోయిన పప్పు బస్తా స్టోర్ రూమ్‌లోకి ఎలా వస్తుంది? జవాబు సులువే. సరుకు ఇచ్చినవాడు తెచ్చినవాడిని చూపిస్తాడు. తెచ్చినవాడు దించుకున్నవాడిని చూపిస్తాడు. దించుకున్నవాడు వండినామెను చూపిస్తాడు. వండినామె ఎవరిని చూపించాలి? గొలుసు అక్కడ ఆగిపోతుంది కాబట్టి శిక్ష కూడా అక్కడే ఆగిపోతుంది. ఆమె చాలాసార్లు మన గూడెం ఆడమనిషే.

చింతపండు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. అడవిలో చింతకాయ దులిపి, పిక్క తీసి, గిరిజన సహకార సంస్థకు అమ్మేది మన అమ్మలే. అదే సంస్థ నుంచి హాస్టల్‌కు చేరిన చింతపండు పులుసు తాగేది మన పిల్లలే. గొలుసు మొదట్లోనూ మనమే, చివర్లోనూ మనమే. మధ్యలో తూకం, ధర, నాణ్యత, రవాణా, తనిఖీ నిర్ణయించే చోట మాత్రం మనం లేము. మా విమర్శ మొత్తం ఈ మధ్యభాగం గురించే.

రుచి చూసే నియమం దగ్గరికి వద్దాం. వాంకిడి తర్వాత తెలంగాణ ప్రభుత్వం ప్రతి విద్యాసంస్థలో హెడ్మాస్టరు, మరో ఇద్దరు సిబ్బందితో ఆహార భద్రతా కమిటీ వేయాలని, వారు సరుకు, వంటగది చూసి, రుచి చూశాకే వడ్డించాలని చెప్పింది. చెడ్డ ఆలోచన కాదు. చాలా బడుల్లో రుచి రిజిస్టరు ఉంది కూడా. తేదీ, కూర పేరు, 'బాగుంది', సంతకం. మరుసటి రోజు మళ్లీ 'బాగుంది'. కొన్నిచోట్ల వారం సంతకాలు ఒకే పెన్నుతో ఒకే కూర్చోవడంలో పడతాయని టీచర్లకు మేము చెప్పనక్కర్లేదు. కానీ నిజాయితీగా రుచి చూసినా ఈ నియమానికి ఒక హద్దుంది. నాలుక ఉప్పు చెబుతుంది, పులుపు చెబుతుంది, మాడు వాసన చెబుతుంది. పొద్దున వండి మూత పెట్టి గది వేడిలో గంటలకొద్దీ ఉంచిన అన్నంలో బ్యాక్టీరియా విడిచిన విషాన్ని నాలుక చెప్పదు. వంటమనిషి చేతి పుండు నుంచి కూరలోకి చేరిన సూక్ష్మజీవుల విషాన్ని చెప్పదు. ఆ విషం మళ్లీ వేడిచేసినా పూర్తిగా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. వీటిని ఆపేది సంతకం కాదు. వండిన వెంటనే వడ్డించడం, సబ్బుతో చేతులు కడగడం, పుండు ఉన్నా విరేచనాలు పట్టుకున్నా వంటమనిషికి జీతం కోయకుండా సెలవివ్వడం, రెండువందల మందికి సరిపడా పొయ్యిలూ పాత్రలూ ఉండటం, ఇవే ఆపుతాయి. వీటికి డబ్బు కావాలి. సంతకానికి డబ్బు అక్కర్లేదు. అందుకే ప్రభుత్వాలకు రిజిస్టరు అంటే ఇష్టం.

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంట చేసినామెకు అనుమానం వచ్చింది, చెప్పింది కూడా. అయినా వంట ఆగలేదు. ఈ సంఘటన నుంచి దేశం నేర్చుకున్నది 'ముందు పెద్దలు రుచి చూడాలి' అన్న పాఠం. అంతకంటే పెద్ద పాఠం ఒకటుంది. ప్రమాదాన్ని ముందు పసిగట్టేది పొయ్యి దగ్గర ఉన్న మనిషి. 'ఈ సరుకుతో నేను వండను' అనే అధికారం ఆమెకు ఉండాలి. ఈ అధికారాన్ని ఏ జీవో కూడా వంటమనిషి చేతిలో పెట్టలేదు. ఆమె మాట వినని పర్యవేక్షణ కళ్లున్నా చెవుల్లేని పర్యవేక్షణ.

ఆమె పరిస్థితి ఏమిటో కూడా చూడాలి. మధ్యాహ్న భోజన కార్మికురాలికి కేంద్రం లెక్క ప్రకారం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలు. 2009లో పెట్టిన ఆ అంకె అలాగే ఉంది. రాష్ట్రాలు పైన కొంత కలుపుతున్నాయి. ప్రభుత్వం దాన్ని జీతం అనదు, గౌరవ వేతనం అంటుంది. 2025 మే నుంచి వంట ఖర్చు ప్రాథమిక పిల్లకు పూటకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల పిల్లకు 10 రూపాయల 17 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, వంటచెరకో గ్యాసో, అన్నీ అందులోనే. ఆ బిల్లు నెలలు ఆలస్యమైతే ఏజెన్సీ మహిళలు కిరాణా కొట్టులో అప్పు పెడతారు. అప్పు పెట్టినవారికి కొట్టువాడు ఏ పప్పు ఇస్తాడో అదే తీసుకోవాలి. వెనక్కి ఇచ్చే ధైర్యం ఉండదు. తనిఖీకి వచ్చిన అధికారి పప్పు నీళ్లలా ఉందని మెమో రాస్తాడు. బిల్లు ఎందుకు ఆగిందో రాయడు. ఎందుకంటే బిల్లు ఆపిన ఆఫీసు ఆయన తనిఖీ పరిధిలో లేదు. పర్యవేక్షణ కిందికి మాత్రమే చూస్తుంది, పైకి చూడదు. మా మాటల్లో ముఖ్యమైనది ఇదే.

ఆశ్రమ పాఠశాల లెక్క కూడా వేసి చూడండి. తెలంగాణలో 2024 చివర డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. 3 నుంచి 7 తరగతుల పిల్లకు నెలకు 950 నుంచి 1330 అయింది. పెంచడం మంచిదే, ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. కానీ 1330ని 30తో భాగిస్తే రోజుకు 44 రూపాయలు. అందులో పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి, రాత్రి భోజనం. ఈ పాఠం ఏ టీచరైనా ఐదో తరగతి లెక్కల పీరియడ్‌లో చెప్పవచ్చు. సంతలో గుడ్డు ధర, పప్పు ధర పిల్లలకు తెలుసు.

నమూనాల సంగతి. చట్టం ప్రకారం ఆహార విశ్లేషకుడు నమూనా అందిన 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఏజెన్సీ నుంచి ప్రయోగశాలకు వందల కిలోమీటర్లు. పిల్లలు ఆసుపత్రికి చేరేసరికి గిన్నెలు కడిగేసి ఉంటాయి. భయంతో కొందరు కావాలనే కడిగేస్తారు. మరుసటి రోజు అధికారి తీసుకెళ్లేది స్టోర్ రూమ్‌లో మిగిలిన బియ్యం, పప్పు. తిన్న కూర కాదు. ఆ నివేదికలో 'ప్రమాణాల ప్రకారమే ఉంది' అని వస్తే ఆశ్చర్యం ఏముంది? ప్రతి పూటా వడ్డించిన ప్రతి పదార్థం నుంచి ఒక గిన్నెడు తీసి, మూత పెట్టి, తేదీ రాసి, ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. కరెంటు లేని బడిలో ఫ్రిజ్ ఎలా అంటారా? అదే మేమూ అడుగుతున్నాం. మూడువందల మంది ఆడపిల్లలు నిద్రపోయే చోట నమ్మకమైన కరెంటు ఎందుకు లేదు?

నీళ్ల సంగతి ఇంకా దారుణం. ఆహార భద్రత అనగానే అందరూ కూర వైపు చూస్తారు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏ వైరస్ మలంతో కలుషితమైన నీళ్ల ద్వారా, తిండి ద్వారా వస్తుంది. శరీరంలోకి వెళ్లాక రెండు నుంచి ఆరు వారాలకు గానీ బయటపడదు. అంటే పిల్లకు కళ్లు పచ్చబడిన రోజున వంటగదిని తనిఖీ చేస్తే ఏమీ దొరకదు. తప్పు జరిగింది నెల కింద. మరుగుదొడ్డి గుంతకూ బోరుకూ మధ్య ఎంత దూరం, ట్యాంకు ఎప్పుడు కడిగారు, క్లోరిన్ ఎప్పుడు వేశారు, ఫిల్టరు ఎన్నాళ్లుగా పాడైంది, ఇవి రోజూ రాయాల్సిన సంగతులు. రుచి రిజిస్టరులో వీటికి గడి లేదు. జ్వరమొచ్చిన పిల్లలను ఇంటికి పంపేస్తే జబ్బు గూడేలకు వెళ్తుంది, బడి లెక్కలోంచి మాయమవుతుంది. ఒకే వారంలో అయిదుగురు పిల్లలకు ఒకే లక్షణం కనిపిస్తే దాన్ని ఎవరు గుర్తించాలి? గిరిజన గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో పూర్తికాలం నర్సు ఉండాలని సంఘాలు అడుగుతున్నది ఊరికే కాదు.

మన పిల్లలకే ప్రత్యేకమైన ఇంకో విషయం. బడి బియ్యంలో ఇప్పుడు ఇనుము కలిపిన బలవర్ధక బియ్యం వస్తోంది. గోండు, కోయ వంటి మన సమాజాల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఈ జబ్బు ఉన్నవారు ఇనుము కలిపిన ఆహారం తీసుకోవద్దని సంచి మీద హెచ్చరిక ఉండాలని 2018 నిబంధనల్లో రాశారు. తర్వాత నిపుణులు ప్రమాదం లేదన్నారని చెప్పి ఆ హెచ్చరిక అక్కర్లేదన్నారు. ఏది సరైనదో వైద్యులు తేల్చాలి, మేము తేల్చం. మేమనేది ఒక్కటే. హెచ్చరిక పెట్టినప్పుడూ గ్రామసభకు చెప్పలేదు, తీసేసినప్పుడూ చెప్పలేదు. ఏ పిల్లకు సికిల్ సెల్ ఉందో పరీక్షించిన ఆరోగ్య శాఖ జాబితాకూ, వంటగది జాబితాకూ సంబంధమే లేదు. పిల్లను పరీక్షించే శాఖ వేరు, పిల్లకు వడ్డించే శాఖ వేరు, మధ్యలో పిల్ల.

ఇన్ని చిక్కులుంటే వంట మొత్తం పెద్ద సంస్థలకు, కేంద్రీకృత వంటశాలలకు ఇచ్చేస్తే పోలేదా అని కొందరంటారు. పట్నంలో స్టీలు యంత్రాల్లో వండి వ్యాన్లలో పంపుతారు, శుభ్రంగా ఉంటుంది అంటారు. ఏజెన్సీ ఘాట్ రోడ్డు తెలిసినవారు ఈ మాట అనరు. వానాకాలం వాగు పొంగితే వ్యాను రాదు. వచ్చినా పొద్దున నాలుగింటికి వండిన అన్నం మధ్యాహ్నం తినాలి. ఒకచోట తప్పు జరిగితే ఒక బడికి కాదు, వంద బడులకు జరుగుతుంది. పైగా వండేవారు కంటికి కనబడనప్పుడు అడిగే వీలు అసలే పోతుంది. మన ఊళ్లో వండే ఆమెను 'ఏం పిన్నీ, పప్పులో పురుగుందేంటి' అని అడగగలం. రాగులు, సామలు, జొన్నలు, అలసందలు, మునగాకు మన నేలలో పండే తిండి. ఆ తిండి పెట్టగలిగేది కూడా దగ్గరి వంటగదే. లోపం ఊరి వంటలో లేదు. ఊరికి అధికారం ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే ఇవ్వడంలో ఉంది.

అధికారం చట్టంలో లేదా? ఉంది. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ అన్ని సామాజిక రంగాల సంస్థలపై, ఉద్యోగులపై నియంత్రణ ఉండేలా చూడమంది. ఆశ్రమ పాఠశాల సామాజిక రంగ సంస్థ కాకపోతే మరేమిటి? విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. ఆహార భద్రతా చట్టం సామాజిక తనిఖీ చేయమంది, జిల్లాకొక ఫిర్యాదుల అధికారిని, రాష్ట్రానికొక ఆహార కమిషన్‌ను పెట్టమంది. కలుషితాహారం వల్ల ప్రాణం పోతే కనీసం 5 లక్షల పరిహారం అని 2006 చట్టం 65వ సెక్షన్ చెబుతోంది. ఇవన్నీ ఇంగ్లీషులోనో, ఆఫీసు తెలుగులోనో ఉన్నాయి. కోయలో, గోండీలో, కువిలో, సవరలో లేవు. ఫిర్యాదుల పెట్టె గోడకు ఉంది, తాళంచెవి మాత్రం ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వారి జేబులో ఉంది.

మన వైపు నుంచి కూడా ఒక మాట అనుకోవాలి. కమిటీలో పేరున్న మన పెద్దలు కొందరు ఖాళీ కాగితాల మీద వేలిముద్ర వేస్తున్నారు. సర్పంచి బంధువే కూరగాయల కాంట్రాక్టరైతే గ్రామసభ నోరు మూసుకుంటోంది. గ్రామసభకు అధికారం వస్తే అన్నీ వాటంతటవే బాగుపడతాయని మేము చెప్పడం లేదు. కానీ ఊరివాడి తప్పును ఊళ్లో అడగవచ్చు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ వచ్చినప్పుడు మస్టర్లు ఊరి మధ్య చదివి వినిపించారు, పని చేయని పేర్లు బయటపడ్డాయి. అదే పద్ధతిలో హాస్టల్ స్టాకు రిజిస్టరు చదివితే ఏం బయటపడుతుందో చూడాలి. గత నెల ఎన్ని కిలోల పప్పు, ఎన్ని గుడ్లు, ఎంతమంది పిల్లలు అని చదువుతుంటే, ఆ పప్పు తిన్న పిల్లలే అక్కడ కూర్చుని ఉంటారు. అంతకంటే మంచి సాక్షి ఏ ప్రయోగశాలకూ దొరకడు.

టీచర్లకు మేము చెప్పేది ఇది. రుచి రిజిస్టరులో 'బాగుంది' అనే మాట రాయడం మానండి. ఏం వండారు, ఎన్నింటికి దించారు, ఎన్నింటికి వడ్డించారు, నీళ్లు ఎక్కడివి, ఎంతమంది తినకుండా వదిలేశారు, ఇవి రాయండి. చెడ్డ సరుకు వస్తే దించుకోకుండా వెనక్కి పంపి, ఆ సంగతి రాతలో పెట్టండి. ఆ రాతే రేపు మిమ్మల్ని, వంటమనిషిని కాపాడుతుంది. సస్పెన్షన్ మీ మీద పడినప్పుడు బిల్లు ఆపిన ఆఫీసు పేరు కూడా ఫైల్లో ఉండాలి.

చదువుకున్న మన యువతకు చెప్పేది ఇంకొకటి. మీలో చాలామంది ఆ హాస్టళ్లలోనే తిని పెరిగారు. సమాచార హక్కు దరఖాస్తు రాయడం మీకు వచ్చు. మీ మండలంలో గత ఏడాది ఎన్ని నమూనాలు తీశారు, ఎన్ని నివేదికలు వచ్చాయి, ఏ చర్య తీసుకున్నారు, వంట బిల్లులు ఏ తేదీన పెట్టారు, ఏ తేదీన చెల్లించారు అని అడగండి. వచ్చిన జవాబును గ్రామసభలో మీ భాషలో చదవండి. తీర్మానం రాయించి, నకలు ఐటీడీఏకూ, రాష్ట్ర ఆహార కమిషన్‌కూ పంపండి. నెలకొకసారి తల్లులు ఇద్దరు ముగ్గురు చెప్పకుండా వంటగదికి వెళ్లేలా తీర్మానం చేయించండి. కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఈ పనులకు కావలసిన చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. లేనిదల్లా అడిగే మనిషి.